వేదిక వెనక ఫైనల్

రగ్బీ లీగ్ అంటే ఏమిటని చింతలంక తల్లిదండ్రులు అడిగినప్పుడు వీరవేణి టీచరు ఒక్క ముక్కలో చెప్పేది: "కబడ్డీకి బంతిచ్చారనుకోండి." బంతి కోలగా ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని అవతలి గీత దాటి నేలకు ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. ఆ తర్వాత రెండు స్తంభాల మధ్యనుంచి తన్నితే ఇంకో రెండు. పరిగెత్తడం ముందుకే గానీ, బంతిని చేత్తో ముందుకు విసరకూడదు. పక్కకో వెనక్కో అందించాలి. ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలివాళ్లది. ఇంతే ఆట. ఆడపిల్లలకు ఇవేం ఆటలని మొదట్లో మూతి విరిచిన తల్లులే, తమ పిల్ల ముగ్గుర్ని ఈడ్చుకుంటూ గీత దాటడం చూశాక, "మాది నలుగుర్ని ఈడుత్తాది" అని పక్కింటివాళ్లతో పందేలు కాయడం మొదలుపెట్టారు.

ఆట తేలికే. కష్టమంతా ఆట మొదలవడంలో వచ్చింది.

ఆ యేడు సీజన్ తొలి మ్యాచ్‌కి జిల్లా బాలల రగ్బీ లీగ్ సంఘం మాజీ ఉపాధ్యక్షుడొకాయన వచ్చాడు. ఆయన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. ఎండలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సగం ఆటలో బంతి ఎగిరి ఆయన ఒళ్లో పడింది. ఓ పిల్ల వచ్చి "తాతగారండీ, బంతియ్యండి" అని తీసుకుపోయింది. మాజీ ఉపాధ్యక్షుణ్ణి తాతగారని పిలిచారు! ఆయన ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

సంఘం అధ్యక్షుడు తాతబ్బాయి గారు మంచి మనిషి. ఎవరి మనసూ నొప్పించలేడు. పెద్ద గొంతు, దానికి తగ్గ భాష. కళ్లు మూసుకుని మాట్లాడడం ఆయన అలవాటు. మాట్లాడుతుంటే ఆయనకు తప్ప అందరికీ పొద్దు తెలిసేది. ఆ సమావేశంలో ఆయన స్వయంగా నిబంధనలు చదివాడు: "మ్యాచ్‌కు విచ్చేసిన ప్రతి పెద్దమనిషినీ వేదికపైకి ఆహ్వానించవలెను. వేదికనలంకరించిన ప్రతి ఒక్కరినీ శాలువాతో సత్కరించవలెను. సత్కారం పొందినవారు రెండు మాటలు మాట్లాడవలెను. చివరి వక్త ప్రసంగం ముగియనిదే మైదానమందు ఆట ప్రారంభించరాదు."

రెండు మాటలంటే ఎంతో మన జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వీరవేణి వెనక వరుసలోంచి లేచింది. "అయ్యా, చీకటి పడితే ఆట ఎలాగండీ? మన కాలేజీ గ్రౌండులో లైట్లు లేవు కదండీ."

"అమ్మా," అన్నాడు తాతబ్బాయి గారు వాత్సల్యంగా, "క్రీడ అనునది సభానంతర కార్యక్రమం. సభ జయప్రదమైతే క్రీడ జయప్రదమైనట్టే."

"ఆట అవకపోతేనోనండి?"

"అయినట్టుగా భావించి, పాయింట్లు చెరిసగం చేయబడును. పసివాళ్లు, ఓడిపోయామన్న బాధ కూడా ఉండదు."

చప్పట్లు కొట్టారు. వీరవేణి కూడా కొట్టింది. కొట్టకపోతే బాగుండదని కొట్టింది గానీ, బడికొచ్చి పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు.

ముఖ్యంగా నూకరత్నానికి. నూకరత్నం జట్టు కెప్టెన్. తండ్రితో పడవలో ఇసక మోసిన భుజాలు. బంతి చేతికొచ్చిందంటే ఎంతమంది మీద పడ్డా ఆగదు. ఒకటే లోపం: ఎవరికీ ఇవ్వదు. "పక్కన చూడవే, పక్కన మనిషి ఉంది, ఇయ్యవే" అని వీరవేణి గొంతు చించుకోవడమే గానీ, దానికి బంతి అంటే ఇంట్లో దొరికిన ఒకే ఒక్క జంతిక. పదహారేళ్ల లోపువాళ్ల లీగులో దానికిదే చివరి సీజన్. రాష్ట్ర జట్టు సెలెక్టరు ఫైనల్‌కి వస్తుంది. ఆట ఆఖరిదాకా చూస్తే తప్ప ఎవరినీ తీసుకోదని పేరు.

"మనకి ఒక్క మ్యాచ్ నిండుగా ఆడనిత్తే చాలండి టీచరుగారూ," అంది నూకరత్నం, చివరికి సంగతి తెలిశాక. "గెలుత్తామో లేదో తర్వాత సంగతి. ఆడకండా ఇంటికెల్లడం నావల్ల కాదండి."

రెండో మ్యాచ్‌కి వేదిక మీద ఎనిమిది కుర్చీలు వేశారు. మాజీ ఉపాధ్యక్షుడు మధ్యలో. కాలేజీ ప్రిన్సిపాలు, బ్యాంకు మేనేజరు, పక్కవీధిలో గేదెను చూసి వెళుతూ గోల ఏమిటని తొంగిచూసిన పశువుల డాక్టరు. డాక్టరు వద్దు వద్దంటున్నా వ్యాఖ్యాత వినలేదు: "మూగజీవాల పాలిటి దైవం, మన ఆహ్వానాన్ని మన్నించి..." శాలువా కప్పేసరికి ఆయన కూడా మెత్తబడి, గాలికుంటు వ్యాధి గురించి రెండు మాటలు మాట్లాడాడు. ఆట పది నిమిషాలు సాగేసరికి బంతి కనపడలేదు. చెరిసగం.

మూడో మ్యాచ్ నాటికి కొత్త చిక్కొచ్చింది. పాత అతిథులు మళ్లీ వచ్చారు. ఒకసారి వేదిక ఎక్కినవాణ్ణి మళ్లీ కింద కూర్చోబెడితే కప్పిన శాలువా లాక్కున్నట్టే కదా! అందుకని ఎక్కినవారి స్థానం సీజన్ మొత్తానికీ శాశ్వతమని సంఘం తీర్మానించింది. పాతవాళ్లు దిగరు, కొత్తవాళ్లు ఎక్కుతారు. పిల్లను తీసుకెళ్లడానికొచ్చిన కరెంటు లైన్‌మన్ ఎక్కాడు. ఐసు బండతను మొదట బండికెవరు కాపలా అని బెంగపడ్డాడు గానీ, బండి కూడా ఎక్కించారు. టెంటు హౌసు అబ్బులు ప్రతి మ్యాచ్‌కీ కింద కుర్చీలు తీసి పైన వేస్తూ పోయాడు. కుర్చీలు అవే, ఎత్తే మారింది. పిల్లల తల్లులు మాత్రం కిందే ఉండిపోయారు. తల్లులు పెద్దమనుషుల లెక్కలోకి వస్తారా రారా అన్నది ఇంకా సంఘం పరిశీలనలో ఉంది.

వేదిక పెరగాలంటే చోటు కావాలి. ముందువైపు గేటు, కనుక అది మైదానంలోకి పెరిగింది. నాలుగో మ్యాచ్‌లో అబ్బులు వేసిన బల్లలు ఏకంగా ట్రై గీత దాటి వచ్చాయి. ఆ రోజు అదృష్టవశాత్తు ఇద్దరు వక్తలకు గొంతు పట్టేసి ఆట కాస్త వెలుగుండగా మొదలైంది. నూకరత్నం బంతి పట్టుకుని బయల్దేరింది. ఇద్దర్ని విదిలించుకుంది. గీత ఎక్కడుందో వెతికింది. గీత వేదిక కిందుంది. క్షణం ఆలోచించకుండా వంగి, బల్లల కిందికి దూరి, కర్రల మధ్య మోకాళ్ల మీద పాకి, గీత దాటించి బంతిని నేలకు ఆనించింది. పైన మాజీ ఉపాధ్యక్షుడు తన కుర్చీ కదిలిందని గట్టిగా అరిచాడు.

రిఫరీ పాపం వేదిక చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చివరికి విషయం తాతబ్బాయి గారి దగ్గరకు వెళ్లింది. ఆయన వేదిక అంచుకు వచ్చి కిందికి వంగి చూశాడు. నూకరత్నం తల మీద సాలెగూడుతో బయటికొస్తోంది.

"చిరంజీవి ప్రతిభ ప్రశంసనీయం. అయినను, వేదిక క్రింద జరిగినదానిని సంఘం గుర్తించజాలదు."

అప్పుడు నూకరత్నం ఏడ్చింది. దెబ్బ తగిలితే ఏడవని పిల్ల. వీరవేణి దాని తల మీద బూజు దులిపింది. ఆ సీజన్‌లో తన పిల్లలు వేసుకున్న జెర్సీలు ఉతికినవి ఉతికినట్టే ఇంటికెళుతున్నాయి.

తొలి మ్యాచ్‌ని కూడా చెరిసగం చేసేశాక అన్ని జట్లకీ అన్నీ సమానమయ్యాయి గనక ఫైనల్ ఎవరిదో చీటీలేసి తీశారు. చింతలంక, పెదగరువు వచ్చాయి. చీటీ తీసిన ఐదో తరగతి పాపను కూడా వేదిక ఎక్కించి సన్మానించారు. ఆ పాప ఒక్కతే నిజంగా రెండు మాటలు మాట్లాడింది: "దిగుతానండి, భయమేత్తంది."

ఫైనల్ పొద్దున వీరవేణి మైదానానికి వెళ్లేసరికి మైదానం లేదు. ఈ చివరనుంచి ఆ చివరిదాకా వేదికే. దాని ముందు తల్లుల కోసం నాలుగు వరసల కుర్చీలు. వేదిక వెనక అడ్డంగా ఇంత పొడుగు ఫ్లెక్సీ. దాని మీద సీజన్‌లో సన్మానం పొందినవాళ్లందరి ఫొటోలూ, నడుమ నిలువెత్తు తాతబ్బాయి గారూ ఉన్నారు. ఆటగాళ్ల ఫొటోలకు చోటు చాలలేదు. అబ్బులు నిచ్చెనెక్కి ఫ్లెక్సీని కత్తితో అర్ధచంద్రాల్లా కోస్తున్నాడు.

"అదేంటి అబ్బులూ, కోసేస్తున్నావు?"

"గోదారి గాలండి టీచరుగారూ. కన్నాలు లేపోతే ఫ్లెక్సీతో పాటు స్టేజీ కూడా లంకలో పడద్ది. పెద్దోల్ల మొకాలకి తగలకండానే కోత్తన్నానండి. అధ్యచ్చుల వారిదొక్కటే కుదర్లేదండి. మరీ పెద్దగా ఏయించుకున్నారు. బొజ్జ మీద పడింది."

వీరవేణి ఆ బొజ్జ కన్నంలోంచి అవతలికి చూసింది. కాలేజీ గోడ ఎప్పుడో కూలిపోయింది. దాని వెనక మినుము తీసేసిన చేను. మెత్తటి నేల. సమంగా, ఖాళీగా, వేదిక ఎంత పొడుగో అంత పొడుగుంది.

నిబంధన ఆవిడకు నోటికొచ్చు. 'మైదానమందు ఆట ప్రారంభించరాదు.' చేను మైదానం కాదు. పెదగరువు మాస్టారికి చెవిలో చెప్పింది. ఆయన అటూ ఇటూ చూసి, "నేనేం వినలేదండి. మా పిల్లలు మాత్రం వచ్చేత్తారు," అన్నాడు. రిఫరీ ఈల తీసి లాగు జేబులో వేసుకున్నాడు. చేను రైతు ఒక్క షరతు పెట్టాడు: తనను ఏ వేదికా ఎక్కించకూడదని. అబ్బులు నాలుగు షామియానా వెదుళ్లు అరువిచ్చాడు, స్తంభాలకు.

మిగిలింది సెలెక్టరు. శకుంతల గారు బస్సు దిగి గొడుగేసుకుని వస్తుంటే వీరవేణి ఎదురెళ్లి, "ఇటు రండమ్మా, వెనకవైపునుంచి వెళదాం" అని చెయ్యి పట్టుకుంది. ఇంకో పది అడుగులు వేస్తే దాటిపోయేవాళ్లే. మైకు గర్జించింది: "అదిగో! రాష్ట్రస్థాయి సెలెక్టరు గారు! వేదికనలంకరించవలసిందిగా..." ఇద్దరు కార్యకర్తలు వచ్చి ఆవిడ గొడుగు ఒకరూ, సంచీ ఒకరూ పట్టుకుని పైకి నడిపించేశారు.

ఎవరికోసం ఆడుతున్నారో ఆవిడే అటు తిరిగి కూర్చుంటే ఇక ఆడి ఏం లాభం! ముందువరసలన్నీ శాశ్వత సభ్యులవి. ఆఖరున వచ్చింది గనక శకుంతల గారికి ఆఖరి వరస ఇచ్చారు. ఫ్లెక్సీకి వీపు ఆనేంత దగ్గరగా.

సభ మొదలైంది. చేలో ఆటా మొదలైంది. తల్లులు ఒక్కొక్కరే మంచినీళ్లకన్నట్టు లేచి వెనక్కి వచ్చేశారు.

పెదగరువు తొలి ట్రై వేసి, స్తంభాల మధ్యనుంచి తన్నింది కూడా. చేలో హోరుమన్నారు. సరిగ్గా అప్పుడే మైకులో మాజీ ఉపాధ్యక్షుడు "క్రమశిక్షణే క్రీడకు ప్రాణం" అన్నాడు. జన్మలో ఆయన మాటకు అంత హోరు రాలేదు. కళ్లు చెమర్చి, ముగించబోయినవాడు కాస్తా తన బాల్యం దగ్గర మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత నూకరత్నం ఒక్కతే ముగ్గుర్ని లాక్కుంటూ ట్రై వేసింది. ఆ హోరు బ్యాంకు మేనేజరుకు దక్కింది. పొదుపు ఖాతాల మీద ప్రసంగానికి. ఎవరికి ఎంత హోరు వస్తే వాళ్లు అంతసేపు మాట్లాడారు. ఎంతసేపు మాట్లాడితే అంత ఆట నడిచింది. సంఘానికీ క్రీడకూ అంత సఖ్యత ఆ జిల్లాలో ఎన్నడూ లేదు.

రెండో హోరుకి శకుంతల గారు వెనక్కి తిరిగారు. భుజం దగ్గర కన్నం కనిపించింది. కన్ను పెట్టారు. ఇక తీయలేదు. ముందువరసలోంచి వెనక్కి వంగి పశువుల డాక్టరు, "ఏముందండీ అక్కడ?" అని తన కన్నం తాను చూసుకున్నాడు. ఆయనా మళ్లీ ఇటు తిరగలేదు. తర్వాత లైన్‌మన్. తర్వాత ఐసు బండతను. ఆఖరి వరస నుంచి మొదటి వరస దాకా ఒక్కొక్క కుర్చీ చప్పుడు చేయకుండా వెనక్కి తిరుగుతూ వచ్చింది.

అధ్యక్షోపన్యాసం. తాతబ్బాయి గారు తీగలేని మైకు చేతబట్టి కళ్లు మూసుకున్నాడు. "క్రీడాసరస్వతీ పదపద్మములకు ప్రణమిల్లుతూ..." చాలాసేపటికి కళ్లు తెరిచాడు. ఎదుట ఒక్క తల్లి లేదు. వెనక్కి తిరిగాడు. వేదిక నిండా వీపులు! శాలువాలు కప్పుకున్న వీపులు, ఫ్లెక్సీకి అతుక్కుని, తేనెపట్టు మీద ఈగల్లా ఉన్నాయి. మాజీ ఉపాధ్యక్షుడైతే కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

"మహాశయులారా?" అన్నాడు తాతబ్బాయి గారు. అన్ని కన్నాలకూ మనుషులున్నారు. ఖాళీగా ఉన్నదల్లా ఆయన బొజ్జ మీది కన్నమే. గౌరవం కొద్దీ దాని జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆయన కాస్త వంగి, తన బొజ్జలోంచి తాను చూశాడు.

చేలోంచి వీరవేణి ఆ కన్నంలో మెరిసిన కళ్లజోడును చూసింది. ఇంకో అర నిమిషం ఆటుంది. పెదగరువు ఆరు, చింతలంక నాలుగు. ఐదుసార్లు పట్టుబడ్డారు, ఇంకొక్కసారి పట్టుబడితే బంతి పోతుంది. బంతి నూకరత్నం చంకలో ఉంది. ఆయన ఒక్కమాట "ఆపండి" అంటే సీజన్ మొత్తం మళ్లీ చెరిసగం.

నూకరత్నం దూసుకుపోతోంది. ఎదురుగా ముగ్గురు గోడ కట్టారు. ఎడంపక్క, ఓ అడుగు వెనగ్గా, గంగ అనే చిన్న పిల్ల ఒంటరిగా పరిగెత్తుతోంది. దాని ముందు గీత దాకా ఎవరూ లేరు. "ఇయ్యవే!" అని వీరవేణి అరిచింది. ఆ గొంతు ఎవరికి వినపడుతుంది? నూకరత్నం తల వంచుకుని గోడ మీదికే వెళుతోంది.

అప్పుడు నాలుగు దిక్కులా ఉన్న లౌడుస్పీకర్లు ఒక్కసారిగా పేలాయి.

"ఒసే పిల్లా! ఎడంపక్క సూడవే! దానికియ్యవే బాబూ! ఇయ్యవే, నీ అమ్మ కడుపు సల్లగుండా!"

ఆ భాష ఎవరిదో క్షణం పాటు ఎవరికీ అర్థం కాలేదు. తాతబ్బాయి గారి గొంతే, కానీ అందులో ఒక్క సంస్కృతపు ముక్క లేదు. ఆయన చిన్నప్పుడు లంకల్లో గేదెలు కాసినప్పటి భాష అది. నూకరత్నం ఉలిక్కిపడి ఎడంపక్కకు చూసింది. మీద పడుతున్న ముగ్గురి చేతుల్లోంచి బంతిని వెనక్కి జార్చింది. గంగ అందుకుంది. గీత దాటింది. బంతితో పాటు తానూ నేల మీద పడింది.

ఎనిమిది, ఆరు. రిఫరీ ఈల వేశాడు. నూకరత్నం మట్టిలో బోర్లా పడే ఉంది, ముగ్గురి కింద. వీరవేణి వెళ్లి లేవదీసేసరికి జెర్సీ రంగు తెలియడం లేదు. ఆ మట్టి జెర్సీని వీరవేణి గుండెకు హత్తుకుని ఏడ్చేసింది, తన చీర సంగతి కూడా చూసుకోకుండా.

శకుంతల గారు కన్నం దగ్గర్నుంచి కళ్లు తీయకుండానే అన్నారు: "ఆ పెద్దపిల్లను శిబిరానికి పంపండి. ఇవ్వడం ఇప్పుడే నేర్చుకుంది. మర్చిపోకముందే పంపండి."

ఇక మ్యాచ్ చెల్లుతుందా అన్నది మిగిలింది. వేదిక కింద జరిగినదానిని సంఘం గుర్తించజాలదు. మరి వేదిక వెనక జరిగినదానిని? అందరూ తాతబ్బాయి గారి వైపు చూశారు. ఆయన మైకును చూసుకున్నాడు. అది ఇంకా పలుకుతూనే ఉంది.

"సంఘం కళ్లారా గాంచినదానిని..." అని, గొంతు సవరించుకుని, "కాదంటే కళ్లు పోతాయి," అన్నాడు.

మరుసటి సీజన్‌కి ముందే సంఘం తన నిబంధనలు సవరించింది. అనుభవం నుంచి నేర్చుకోని సంఘం కాదది. ఇకపై వేదికలన్నీ మైదానానికి వీపు పెట్టి కట్టవలెను. ఫ్లెక్సీకి కన్నాలు తప్పనిసరి. కన్నాల కేటాయింపు హోదాననుసరించి జరుగును. అధ్యక్షులకు కూర్చుని చూచు పెద్ద కన్నం, మాజీలకు నిలబడి చూచు మధ్యరకం, ఇతరులకు ఇద్దరికొకటి. తన కన్నానికి సగం గోల్‌స్తంభం అడ్డొస్తోందని మాజీ ఉపాధ్యక్షుడు అప్పుడే నిరసన తెలిపాడు.

తొలి మ్యాచ్ రోజున వ్యాఖ్యాత వక్తల్ని ఒక్కొక్కరినీ పిలిచాడు. "రెండు మాటలు మాట్లాడవలసిందిగా..." ఎవరూ కదల్లేదు. లేచి వెళితే కన్నం పక్కవాడిదవుతుంది. తాతబ్బాయి గారు చెయ్యి మాత్రం ఊపాడు, కన్ను తీయకుండా. ఆట వేళకు మొదలైంది. సీజన్ పొడుగునా అలాగే జరిగింది.

రాష్ట్ర జట్టు జెర్సీ వేసుకుని నూకరత్నం ఆ తొలి మ్యాచ్ చూడ్డానికొచ్చింది. టీచరు పక్కన, గీత దగ్గర, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. మైకులోంచి వ్యాఖ్యాత దాన్ని గుర్తుపట్టాడు: "మన జిల్లా కీర్తిపతాక! వేదికపైకి రావలసిందిగా కోరుతున్నాం! మొదటి వరసలో ప్రత్యేకంగా ఒక కన్నం కేటాయించడమైనది!"

నూకరత్నం లేచి నిలబడి, ఫ్లెక్సీ నిండా వరసగా మెరుస్తున్న కళ్లను చూసి, దండం పెట్టింది.

"నాకు కన్నమెందుకండీ?" అంది. "ఇక్కణ్ణించి మొత్తం కనపడతంది కదండి."